పైకెక్కేముందు సంతకం

కిందటి వారం మనం ఆగింది ఒక ఖాళీ గీత దగ్గర. లాయరమ్మ బల్ల మీద దరఖాస్తు, దాని అడుగున సంతకం కోసం గీత, గీతకి ఎదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మరిది. ఆవిడ పెన్ను మూత తీసి చేతికిస్తే, అతను మూత పెట్టి మళ్లీ బల్ల మీదే పెట్టాడు.

ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆ మరిది టవర్ క్రేన్ నడుపుతాడు. అరవై మీటర్ల ఎత్తున గాజు గదిలో కూర్చుని కింద మనుషుల్ని చూస్తుంటాడు కాబట్టి సైటులో అందరూ గద్ద అంటారు. ఇరవై రెండేళ్లలో ఒక్క ఇటుక ముక్క కూడా ఎవరి మీదా జారవిడవలేదు. అలాంటివాడి మూత్రంలో నల్లమందు జాతి మందు ఉందని ల్యాబు రాసి పంపింది. ఆ మధ్యాహ్నమే కంపెనీ అతని ఆపరేటరు కార్డు తీసేసుకుని గేటు బయట నిలబెట్టింది. చెల్లెలు మొగుణ్ణి వెంటబెట్టుకుని ఏడుస్తూ అక్క దగ్గరికొచ్చింది. అక్క లాయరు. ఉద్యోగాలు ఊడినవాళ్ల కేసులే ఆవిడకి అన్నం పెడుతున్నాయి.

ఇలాంటి పరీక్షల్లో ఒకే కప్పులోది రెండు సీసాల్లోకి పోసి సీలు వేస్తారు. మొదటి సీసా ల్యాబు పరీక్షిస్తుంది. ఫలితం తప్పని మనిషి మొర పెట్టుకుంటే రెండోది వేరే ల్యాబుకి వెళ్తుంది. ఆ మొర ఏడు రోజుల్లోపు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే మొదటి ఫలితమే ఖాయమై కార్డు శాశ్వతంగా రద్దవుతుంది. ఆ తర్వాత ఆ మనిషి ఏ ఊళ్లోనూ క్రేన్ ఎక్కలేడు.

ఇవాళ ఏడో రోజు. టైము మూడుంబావు. దరఖాస్తులు తీసుకునే కిటికీ ఐదింటికి మూసేస్తారు.

లాయరమ్మ గది ఒక జిరాక్స్ షాపు మీద ఉంది. కింద మిషను తిరిగినప్పుడల్లా పైన బల్ల మీద గుండుసూదుల డబ్బా సన్నగా మోగుతుంది. ఆవిడ ఆ మోతకి ఎప్పుడో అలవాటు పడింది. ఎదురుగా మనిషి నోరు విప్పకపోవడానికి మాత్రం అలవాటు పడలేకపోతోంది.

ఆవిడ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. కంపెనీ విచారణలో పోరాడొచ్చు. అక్కడ ఓడితే కార్మిక న్యాయస్థానానికి వెళ్లొచ్చు, రెండేళ్లు పడుతుంది. పరువు తీసినందుకు ల్యాబు మీద దావా వెయ్యొచ్చు, దానికి ఐదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఏ గుమ్మం తొక్కాలన్నా ముందు ఆ రెండో సీసా కావాలి. అది శుభ్రంగా ఉందని తేలితే గుమ్మాలన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. ఒకవేళ అందులోనూ మందు కనబడితే, అది దగ్గుమందు వల్ల వచ్చిందని చూపించడానికి డాక్టరు ఉత్తరం ఉంది, మందుల షాపు రసీదు ఉంది, ఆ దగ్గుమందు పరీక్షలో ఇలాగే కనబడుతుందని ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు రాసిచ్చిన మూడు పేజీలున్నాయి. ఆ ప్రొఫెసరు ఇంటి అరుగు మీద తను రెండు గంటలు కూర్చుంది. కుక్క మొరుగుతుంటే.

గద్ద అంతా విన్నాడు. గోడకి చెప్పినట్టే విన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"నేను ఆ దగ్గుమందు తాగలేదు వదినా."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. చెల్లెలు రోజూ చెంచాతో కొలిచి మొగుడి నోట్లో పోసిందనీ, ఇరవై రోజులు పోసిందనీ తనే స్వయంగా వాంగ్మూలం రాసుకుంది. ఆ వాంగ్మూలం మీద చెల్లెలి కన్నీటి చుక్క మరక కూడా ఉంది.

"పోసేది," అన్నాడు గద్ద. "నేను సింకులో ఉమ్మేసేవాణ్ణి. చేదు."

"ఇరవై రోజులూనా?"

"దగ్గు దానంతటదే తగ్గిపోయింది."

లాయరమ్మ కళ్లు మూసుకుంది. కింద జిరాక్స్ మిషను తిరిగింది, గుండుసూదుల డబ్బా మోగింది. పదిహేడేళ్ల వృత్తిలో ఆవిడకి అబద్ధాలాడే కక్షిదారులు కొత్త కాదు. తప్పు చేసి చెయ్యలేదనేవాళ్లుంటారు. తప్పు చెయ్యనివాడు తన తప్పు లేదని చూపించే ఒక్క కాగితాన్నీ అబద్ధం చేసుకోవడం ఇదే చూడటం. అందులోనూ ఆరు రోజులాగి, ఆఖరి రెండు గంటల్లో.

"మరిదిగారూ," అంది. ఆవిడ గారూ అన్నదంటే చెల్లెలు కూడా గది వదిలి పోతుంది. "ఈ సంగతి మొదటిరోజు చెప్పడానికి నోరు రాలేదా?"

"మీ చెల్లెలు పక్కనుంది."

"ఉంటే?"

"సింకు సంగతి తెలిస్తే చంపేస్తుంది."

ఉద్యోగం పోతోంది, కార్డు పోతోంది, ఇరవై రెండేళ్ల పేరు బురదలో పడింది. మనిషి భయం మాత్రం సింకు గురించి. లాయరమ్మ డాక్టరు ఉత్తరం, రసీదు, ప్రొఫెసరు మూడు పేజీలు దగ్గరికి లాగి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి సొరుగులో పడేసింది. ఇంకేమైనా దాచావా అని అడిగింది. అతను దరఖాస్తు తనవైపు తిప్పుకుని మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు.

సీసాలను నా కళ్లెదుటే నింపి సీలు వేసినారని ధృవీకరిస్తున్నాను.

ఇది అబద్ధమన్నాడు. సీలు వేసినప్పుడు తను కింద లేనన్నాడు.

"సీళ్ల మీద నీ సంతకం ఉంది కదా. నేను చూశాను."

"అది పొద్దున పెట్టింది."

ఇక్కడ గద్ద చేసే పని గురించి కొంచెం తెలియాలి. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కితే పైకి చేరడానికి ఇరవై ఐదు నిమిషాలు, దిగడానికి ఇరవై. మధ్యలో దిగడమంటే సైటంతా ఆగడం. అందుకని క్రేన్ ఆపరేటర్లు పగలంతా పెట్టాల్సిన సంతకాలన్నీ ఎక్కేముందే పెట్టేస్తారు. హాజరు, బ్రేకుల తనిఖీ, మధ్యాహ్నం ఎత్తబోయే బరువుల పట్టిక, సాయంత్రం అంతా క్షేమమన్న కాగితం కూడా. క్షేమం ఇంకా జరక్కముందే. టైమాఫీసు గుమాస్తా కాగితాలు వరసగా పెడతాడు, వీళ్లు చదవకుండా గీకి ఎక్కిపోతారు. పరీక్ష రోజు ఆ వరసలో ల్యాబు ముందురోజే పంపిన సీలు స్టిక్కర్లు కూడా ఉన్నాయి.

పదింటికి ల్యాబు అమ్మాయి డబ్బా పట్టుకుని వచ్చింది. ఆ వేళ రెండు టవర్ల కిందా కాంక్రీటు పోస్తున్నారు. పోత మధ్యలో ఆపితే స్లాబు పాడవుతుంది. ఆపరేటర్లని దింపడం కుదరదని సైటు మేనేజరు తేల్చేశాడు. మరి పరీక్షో అంటే, కప్పు పైకి పంపండి అన్నాడు.

"పంపారా?"

"కొక్కేనికి కట్టి."

"వచ్చిందెలా?"

"అలాగే."

లాయరమ్మకి నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు. మనిషి బతుకు తేల్చే మూత్రం కప్పు అరవై మీటర్లు గాలిలో ఊగుతూ దిగిందన్నమాట. చెప్పకుండా దాచాల్సిన సంగతా ఇది? ఎదుటి లాయరు నోరు మూయించడానికి ఈ ఒక్కటి చాలదూ? అదే అడిగింది. అతను ఫ్యాను వైపు చూశాడు. లెక్కలో రాయని ఏ బరువునీ కొక్కేనికి తగిలించకూడదని సైటులో నియమం ఉందనీ, తగిలించినవాడి కార్డు పోతుందనీ నెమ్మదిగా చెప్పాడు.

"తగిలించేది ఆపరేటరు కాదుగా. కింద సిగ్నలు ఇచ్చేవాడు."

అతను ఇంకా ఫ్యానునే చూస్తున్నాడు. ఆవిడకి అప్పుడు వెలిగింది. కింద నిలబడి చేతులతో సైగలు చేస్తూ, ఈల వేస్తూ కొక్కేనికి బరువులు తగిలించేది తన సొంత తమ్ముడు. బావే ఆ పనిలో పెట్టించాడు.

ఆవిడ మారు మాట్లాడకుండా ఫోను తీసి తమ్ముడికి కలిపింది. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. వెనక సుత్తుల చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం వినబడ్డాయి. తమ్ముడు మొదట నాకేం తెలీదన్నాడు. బావ ఇక్కడే కూర్చున్నాడని చెప్పాక అన్నీ తెలిశాయి. కప్పు సంచిలో పెట్టి దింపిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. పైగా తన తెలివికి మెచ్చుకుంటారేమో అన్నట్టు ఇంకో ముక్క చేర్చాడు.

"రెండుసార్లు తిరగడం దేనికక్కా. ఇద్దరు ఆపరేటర్ల కప్పులూ ఒకే సంచిలో వేసేశా."

గద్ద ఫ్యాను మీద నుంచి చూపు దించాడు.

లాయరమ్మ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. సాక్షి తనంతట తనే నూతి దాకా నడిచొచ్చినప్పుడు ఆవిడ గొంతు అలాగే అవుతుంది. ముందు ఎవరిది దింపావని అడిగింది. మొదటి టవరులో బావది, తర్వాత రెండో టవరు నడిపే పెద్దాయనదట. సంచి ఎవరికిచ్చావంటే ల్యాబు అమ్మాయి బల్ల మీద పెట్టానన్నాడు. ఏది ఎవరిదో చెప్పావా అని అడిగింది. కాంక్రీటు లారీవాడు హారను మోగిస్తుంటే పరిగెత్తాల్సొచ్చిందట.

"చెప్పేదేముందక్కా. ముందు వేసింది అడుగున ఉంటుంది, తర్వాత వేసింది పైన ఉంటుంది. సైటులో ఎవరినడిగినా చెప్తారు."

సైటులో ఎవరినడిగినా చెప్తారు. ల్యాబులో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి ముందు ఒకటో టవరు స్టిక్కర్లు, వాటి వెనక రెండో టవరువి వరసగా పెట్టి ఉంటుంది. సంచిలో చెయ్యి పెడితే ముందు చేతికి తగిలేది పైనున్న కప్పు. పెద్దాయనదైన ఆ కప్పుకి గద్ద సంతకమున్న ఒకటో టవరు స్టిక్కర్లు పడ్డాయి.

లాయరమ్మ ఫోను పెట్టేసింది. పెట్టేశాక అసలు సంగతి ఆవిడకి తట్టింది. రెండు సీసాలూ ఒకే కప్పులోవి. మొదటిది పెద్దాయనదైతే రెండోదీ పెద్దాయనదే. తను ఈ ఆరు రోజులూ తలుపులు బాది, కాళ్లరిగేలా తిరిగి, సాధించబోయింది ఆ రెండో సీసా పరీక్ష. అది జరిగుంటే మందు ఉందని రెండో ల్యాబు కూడా ముద్ర వేసేది. దగ్గుమందు కథ సింకులో కొట్టుకుపోయింది. అప్పుడిక దేవుడొచ్చి వాదించినా మరిది మళ్లీ నిచ్చెన ఎక్కలేడు. న్యాయం చేస్తున్నాననుకుంటూ సొంత మరిదికి గొయ్యి తవ్వింది.

అతన్ని చూసింది. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసు."

సంచి సంగతి ఇప్పుడే విన్నానన్నాడు. అయితే ఫలితం వచ్చిన రెండో రోజే అనుమానమొచ్చిందట. ఆ సైటులో నల్లమందు జాతి నొప్పి మాత్ర వేసుకునే మనిషి ఒక్కడే. రెండో టవరు పెద్దాయన. నలభై ఏళ్లు ఒకే కుర్చీలో వంగి కిందికి చూసి చూసి ఆయన వెన్నుపూస అరిగిపోయింది. మాత్ర లేనిదే నిచ్చెన ఎక్కలేడు. రిటైరవడానికి ఇంకా నలభై రోజులున్నాయి. ఇరవై రెండేళ్ల కిందట ఇటుకలు మోసే కుర్రాడిని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి, తన ఒళ్లో కూర్చోబెట్టుకున్నంత దగ్గరగా కూర్చోబెట్టి లివరు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"ఆయనకి నలభై రోజులు, నీకు ఇంకా పద్దెనిమిదేళ్లు," అంది లాయరమ్మ. "నా చెల్లెలు నిన్ను కట్టుకుందా, నీ గురుభక్తిని కట్టుకుందా?"

అతను బల్ల మీది పెన్నుని అటూ ఇటూ దొర్లించాడు.

"పోనీ ఇది చెప్పు. నిన్ను బయటికి పంపాక నీ టవరు ఎవరు నడుపుతున్నారు?"

"పెద్దాయనే. పొద్దున తనది, మధ్యాహ్నం నాది."

"మాత్రలు మింగి. రెండు పూటలూ."

"ఆయన చెయ్యి వణకదు వదినా."

"ఆయన చెయ్యి సంగతి నాకెందుకు. దాని కింద నిలబడేది నా తమ్ముడు."

ఆరు రోజులుగా గద్ద మనసులో పెద్దాయన్ని తక్కెడ ఒక పళ్లెంలో, తనని ఇంకో పళ్లెంలో పెట్టి తూస్తున్నాడు. కింద నిలబడే మనిషిని ఏ పళ్లెంలోనూ పెట్టలేదని ఇప్పుడే అతనికి తెలిసినట్టుంది.

లాయరమ్మ ఇంక అతని జవాబు కోసం ఆగలేదు. దరఖాస్తు లాక్కుని అబద్ధపు వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. రెండో సీసా పరీక్ష కోరుతున్నానన్న చోట, అందులో ఉన్నది నాది కాదు, ఎవరిదో తేల్చే పరీక్ష చేయించమని కోరుతున్నాను అని రాసింది. కప్పు కొక్కేనికి వేలాడి దిగిందనీ, ఇద్దరివీ ఒకే సంచిలో వచ్చాయనీ, సీళ్ల మీద సంతకాలు పొద్దున పెట్టినవనీ పక్కన చిన్న అక్షరాలతో రాసింది. సంచి దింపింది సైటులో సిగ్నలు ఇచ్చే మనిషని, అంటే తన తమ్ముడని, రాసేటప్పుడు పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ అక్షరాలు మిగతావాటికన్నా గట్టిగా పడ్డాయి.

నాలుగుంబావుకి ఫోను మోగింది. తమ్ముడే. ఈసారి వెనక సుత్తుల చప్పుడు లేదు. అంత పెద్ద సైటులో చప్పుడు లేకపోవడమే ఆవిడని ముందు భయపెట్టింది.

"అక్కా, బావ ఇంకా అక్కడే ఉన్నాడా?"

ఒకటో టవరు కొక్కేనికి ఇనుప చువ్వల కట్ట వేలాడుతూ ఆగిపోయిందట. పెద్దాయన రేడియోలో పలకడం లేదట. గాజుకి ఆనుకుని ఒక చెయ్యి మాత్రం కనబడుతోందట. గాలి లేచింది, కట్ట మెల్లగా తిరుగుతోంది, దాని కింద పరంజా మీద పదకొండు మంది ఇరుక్కున్నారు, దిగే మెట్లు ఆ కట్ట కిందే ఉన్నాయి. అగ్నిమాపకం వాళ్లు వచ్చి పెద్దాయన్ని దింపగలరేమో కానీ లివరు పట్టుకోవడం వాళ్లకి రాదు. వేరే సైటు నుంచి ఆపరేటరు రావడానికి రెండు గంటలు పడుతుంది. బావని పిలుద్దామంటే, సస్పెండైనవాణ్ణి లోపలికి రానిస్తే తన ఉద్యోగం పోతుందని మేనేజరు అంటున్నాడట.

గద్ద అప్పటికే లేచి నిలబడ్డాడు.

సస్పెన్షను ఉత్తర్వు నాలుగో పేరా లాయరమ్మకి నోటికొచ్చు. విచారణ ముగిసేలోపు సైటులో అడుగు పెట్టినచో అప్పీలు హక్కు కోల్పోవును. ఈ ఆరు రోజుల్లో ఆవిడ ఆ మాట అతనికి ముప్పైసార్లు చెప్పింది. టిఫిను డబ్బా మర్చిపోయానని వెళ్లబోతే రోడ్డు మీద ఆపి మరీ చెప్పింది. ఇప్పుడు ముప్పై ఒకటోసారి చెప్పడానికి నోరు తెరిచింది. అతను తలుపు దాటిపోయాడు.

దరఖాస్తు, పెన్ను పట్టుకుని ఆవిడ వెనకే మెట్లు దిగింది. జిరాక్స్ షాపు ముందు అతను బైకు స్టాండు తీస్తున్నాడు. ఆవిడ హ్యాండిలు పట్టుకుంది.

"ఆపుతావా వదినా?"

"నేనాపితే ఆగేవాడివైతే ఈ ఆరు రోజులూ నాకింత రక్తపోటు ఎందుకొస్తుంది?" అంది. కాగితం అతని ముందు పెట్టింది. "పైకెక్కేముందు సంతకాలు పెట్టడం నీకు అలవాటేగా. లోపల అడుగు పెట్టకముందే అడిగావని నేను వాదించుకుంటాను. పెట్టు. ఈసారి చదివి పెట్టు."

అతను షాపు మిషను మూత మీద కాగితం పరిచి నిజంగానే చదివాడు. ఆవిడ రాసిన ప్రతి ముక్కా, తమ్ముడి ఉద్యోగం రాసిన ముక్కతో సహా చదివాడు. సంతకం చేశాడు. చేశాక ఆగి, దాని కింద ఇంకేదో ఒక వరస రాసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. బైకు స్టార్టయింది.

"నిచ్చెన జాగ్రత్త," అంది లాయరమ్మ. ఆరు రోజుల్లో తిట్టు కలవని మాట అదొక్కటే.

ఆవిడ ఎక్కిన ఆటో ప్రతి సందు మొగలోనూ ఆగింది. ఒకచోట గ్యాసు బండ దింపుకుంటున్న వ్యాను అడ్డం. ఇంకోచోట ఆటోవాడే ఎవరితోనో కుశల ప్రశ్నలకి దిగాడు. ఆఫీసు మెట్లెక్కేసరికి ఐదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. గుమాస్తా అప్పటికే సగం కిటికీ మూసి మిగిలిన సగంలోంచి బయటికి చూస్తున్నాడు. ఆవిడ పరుగున వెళ్లి మడతలు విప్పింది. ఇచ్చేముందు అలవాటుగా కిందదాకా చూసింది. సంతకం కింద గద్ద గుండ్రటి అక్షరాలు.

పెద్దాయనకి ఆ మాత్రలు డాక్టరు చీటీ లేకుండా రెండేళ్లుగా తెచ్చిస్తున్నది నేనే.

ఆవిడ మళ్లీ చదివింది. ఈ కాగితం లోపలికి వెళ్తే మందు మింగలేదని తేలుతుంది, మందు సరఫరా చేశాడనీ తేలుతుంది. వెళ్లకపోతే ఎనిమిది నిమిషాల తర్వాత గద్ద అన్న పేరే ఉండదు. ఆ వరస చింపేద్దామంటే సంతకం దానికి అంటుకునే ఉంది. బ్యాగులో ఫోను మోగడం మొదలెట్టింది. తీసి చూడక్కర్లేదు, తమ్ముడే.

"ఇవ్వండమ్మా, మూసేస్తున్నాం," అని గుమాస్తా చెయ్యి చాపాడు.

కాగితం ఒక అంచు అతని వేళ్లకి దొరికింది. రెండో అంచు లాయరమ్మ ఇంకా వదల్లేదు.